ప్రాణం లేని పొడి

కిందటి వారం మనం కరుణను కొండాపూర్‌లోని కంపెనీ షెడ్డులో, ఇంక్యుబేటర్ తలుపు మీద చెయ్యి వేసి నిలబడి ఉండగా వదిలిపెట్టాం. ఆమె ఆ తలుపు తీసేలోపు, ఇక్కడిదాకా ఎలా వచ్చిందో ఒక్కసారి గుర్తు చేసుకుందాం.

కరుణది బాపట్ల. నర్సుగా పనిచేసే తల్లి రాహేలు చదివిస్తే సూక్ష్మజీవుల శాస్త్రం చదువుకుంది. ఆమెకు పాఠం చెప్పిన గోవిందప్ప మాస్టారు రిటైరయ్యాక హైదరాబాదులో 'హరితప్రాణ' అనే కంపెనీకి సలహాదారుగా చేరారు. "నువ్వూ రామ్మా" అని ఆయన పిలిస్తే వచ్చేసింది. బత్తాయి తొక్క మీద తనంతట తాను పెరిగే ఒక ఈస్టును కరుణ పట్టుకుంది. రొట్టెల పిండిని పొంగించే ఈస్టుకు అది దూరపు చుట్టం. కోతలో పండుకు తగిలే చిన్న చిన్న గాట్లలోకి బూజుకంటే ముందే చేరి, అక్కడి తీపంతా తానే తినేసి, బూజుకు చోటు లేకుండా చేస్తుంది. విషం పిచికారీ చేసే పని లేదు. దాన్నే పొడి చేసి, 'ఫలకవచం' అని పేరు పెట్టి కంపెనీ అమ్ముతోంది.

నల్గొండ జిల్లా రైతు చంద్రయ్య, అతని భార్య ఈరమ్మ తమ ఎండాకాలం బత్తాయి పంటంతా ఆ పొడి కలిపిన నీళ్ళలో ముంచి లారీకెత్తించారు. హైదరాబాదు మార్కెట్లో గడ్డి తొలగించి చూస్తే పండ్లన్నీ ఆకుపచ్చ బూజు పట్టి ముద్దయిపోయి ఉన్నాయి. "మీరు వేడినీళ్ళలో కలిపి ఉంటారు" అంది కంపెనీ. ఈరమ్మ తన దగ్గర మిగిలిన, విప్పని ప్యాకెట్ ఒకటి తెచ్చి కరుణ చేతిలో పెట్టి, "నువ్వే చూడమ్మా" అంది.

కరుణ తలుపు తీసింది.

పై అరలో ఉన్న గాజు పళ్ళాల్లో ఆమె స్వయంగా ల్యాబులో కాపాడుకుంటూ వచ్చిన ఈస్టు ఉంది. పెరుగు చుక్కలు చిమ్మినట్టు తెల్లటి మచ్చలు పళ్ళెం నిండా పరుచుకున్నాయి. కింది అరలో ఈరమ్మ ప్యాకెట్లోని పొడి వేసిన పళ్ళాలు. వాటిలో ఏమీ లేదు. వేసిన రోజు ఎంత శుభ్రంగా ఉన్నాయో ఇవాళా అంతే శుభ్రంగా ఉన్నాయి.

అనుమానం తీరక గోడౌన్లోంచి తెచ్చిన పొడితో కూడా ఆ రోజే పళ్ళాలు వేసి పెట్టింది కరుణ. మామిడి సీజను మొదలైంది. నూజివీడు వైపు, ఖమ్మం వైపు వెళ్ళడానికి పెట్టెలు సిద్ధంగా ఉన్నాయి. ఆ పొడి వేసిన పళ్ళాలూ ఖాళీయే.

ఆమె చేతిలోని పళ్ళెం బల్ల మీద పెట్టి నేరుగా షెడ్డు వెనక్కి నడిచింది.

ఈస్టు సుకుమారమైనది. పెద్ద తొట్టిలో చల్లగా, కడుపునిండా తిండి పెట్టి పెంచి, ఒక్కసారిగా వేడిగాలిలో ఆరబెట్టి పొడి చేస్తే బతకదు. బతికినా రేకుల కప్పు కింద, లారీలో, ఏప్రిల్ ఎండలో చస్తుంది. నారు పీకేముందు రైతు కొన్నాళ్ళు నీళ్ళు తగ్గించి ముదరబెట్టినట్టే, ఈస్టుకు కూడా ఆరబెట్టేముందు కాస్తంత కాక చూపించాలి. చంపేంత కాదు, బెదిరించేంత. ఆ బెదురుకు అది తన ఒంట్లోనే ఒక రకం చక్కెరను తయారు చేసుకుని దాచుకుంటుంది. ఆ తర్వాత ఆరబెట్టినా, ఎండకు పెట్టినా ఆ చక్కెరే దాన్ని కాపాడుతుంది. ఈ సంగతి ఎన్నో ప్రయత్నాలు పాడయ్యాక కరుణ కనిపెట్టింది. దానికోసం ఒక చిన్న తొట్టిని ప్రత్యేకంగా బిగించారు. షెడ్డులో అందరూ దాన్ని కాకతొట్టి అనేవారు.

ఆ తొట్టి ఇప్పుడు షెడ్డు వెనక గోడవారన పడి ఉంది. పైపులు పీకేశారు. లోపల ఎండుటాకులు, మూత మీద కందిరీగల గూడు. ఇప్పుడిప్పుడే తీసి పెట్టింది కాదది.

కరుణ ఆరు నెలలుగా ల్యాబు గదిలో కొత్త పని మీద ఉంది. పొడి తయారయ్యే వైపు రావద్దని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నమ్మకం కొద్దీ ఆమే రాలేదు.

గేటు దగ్గర ఈరమ్మ కూర్చుని ఉంది. ఒక్కతే ఉంది. ఎండకు మొహం కందిపోయి ఉంది.

"చంద్రయ్య గారేరండీ?"

"పొద్దుగాల ఇక్కడికే మీ ఆఫీసు జీపొచ్చింది. కొత్త అంగీ ఇచ్చి ఎక్కించుకపోయిండ్రు. నన్ను గూడ రమ్మన్నరు, నేను ఎక్కలే." ఈరమ్మ లేచి కొంగు దులుపుకుంది. "హైటెక్ సిటీల మీటింగున్నదంట. రైతులొస్తరంట, ఆఫీసర్లొస్తరంట. మా ఆయన మైకు ముందట నిలబడి, తప్పు నాదే, మందు మంచిదే అని చెప్పాల్నంట. చెప్తే ఇద్దర్ని ఈ షెడ్డుకు కావలి పెట్టుకుంటరంట. ఉండనీకె రూమిస్తరంట."

"ఆయన ఒప్పుకున్నారా?"

"ఒప్పుకోక ఏం జేస్తడు. ఊర్ల మొకం చూపియ్యలేకపోతున్నడు. మా తోట చూసి ఇంకొంతమంది గూడ గీ మందే కొన్నరు. వాళ్లు అడిగితే ఏం జెప్పాలె? చిన్నప్పటి సంది బత్తాయి తోటల పెరిగినోనికి నీళ్లు కలుపుడు రాదంటే నమ్ముతరా? మా ఆయన గూడ నమ్మబట్టె. రాత్రంతా అదే అంటడు, నీళ్లు వేడిగున్నయేమోనే, నువ్వు ముట్టి చూసినవా అని. నేనే తోడిన నీళ్లు. బావిల నీళ్లు. బావిల నీళ్లు ఎట్ల వేడిగుంటయమ్మా?"

కరుణకు ఆ మాట ఎక్కడో తగిలింది. పంట పోయింది సరే, ఆ మనిషికి తన చేతుల మీద నమ్మకం కూడా తీసేశారు.

"లోపలికి రండి. మీకొకటి చూపించాలి."

ల్యాబులో మైక్రోస్కోపు ముందు ఈరమ్మను కూర్చోబెట్టింది. తన ఈస్టు చుక్క ఒకటి గాజుపలక మీద వేసి, దానిమీద నీలిరంగు చుక్క వేసింది.

"ఒక కన్ను మూసి ఇందులో చూడండి. ఏం కనబడుతోంది?"

ఈరమ్మకు కాసేపు ఏమీ కనబడలేదు. కరుణ పక్కనుంచి మర తిప్పింది.

"ఆఁ, కనబడ్తున్నయి. సన్నగ, గుండ్రంగ. ముత్యాల లెక్కున్నయి."

"తెల్లగా ఉన్నాయా?"

"తెల్లగనే ఉన్నయి. ఒకటో రెండో నీలం."

"ఆ తెల్లవి బతికి ఉన్నాయి. ప్రాణం ఉన్నది ఆ రంగును తనలో నిలవనివ్వదు. చచ్చినదానికి ఆ శక్తి ఉండదు, నీలంగా మారిపోతుంది." కరుణ పలక మార్చింది. "ఇప్పుడు చూడండి. ఇది మీరిచ్చిన ప్యాకెట్లోది."

ఈరమ్మ వంగి చూసింది. చాలాసేపు తల ఎత్తలేదు.

"ఒక్క తెల్లది కనబడుతుందేమో వెతకండి."

"దేవులాడుతున్ననమ్మా. లేదు. అన్నీ నీలమే." తల ఎత్తింది. కన్ను చుట్టూ మైక్రోస్కోపు అచ్చు పడింది. "గిది మేం కొన్నదేనా?"

"అదే. మీ నీళ్ళు వేడిగా ఉన్నా, చల్లగా ఉన్నా ఒకటే. మీ ఇంటికి వచ్చేసరికే చచ్చిపోయి ఉంది."

"అంటే, పండ్లను మేము పీనుగుల నీళ్లల్ల ముంచినమన్నట్టు."

కరుణ మైక్రోస్కోపు దీపం ఆర్పింది.

"మా ఆయనకు చెప్పాలె," అని లేచింది ఈరమ్మ. "జర జల్ది పోదాం."

పళ్ళాలు సంచిలో సర్దుకుని కరుణ ఆటో పిలిచింది. మాదాపూర్ దారంతా దుమ్ము. రోడ్డుకు రెండు పక్కలా బండలు పగలగొడుతున్నారు. ఎర్రజెండా పట్టుకున్న మనిషి ఆటోను ఆపాడు. ఢమ్మని నేల అదిరింది, రాళ్ళు లేచి పడ్డాయి, జెండా దించాడు, ఆటో కదిలింది. ఈరమ్మ ఆ చప్పుడుకు కూడా తల తిప్పలేదు.

కొత్తగా లేచిన అద్దాల భవనంలో హరితప్రాణకు ఒక అంతస్తులో సగం ఉంది. మీటింగు ఆ భవనం కింది హాల్లోనే, అది మొదలయ్యేలోపు ఎండీని కలవాలనుకుంది కరుణ. కింద సెక్యూరిటీ మనిషి కరుణకు దారిచ్చి ఈరమ్మకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆమె నాతో వచ్చారు," అంది కరుణ.

"కార్డు ఉండాలె మేడం."

"కార్డు లేదు. నాతో వచ్చారని చెప్పాను కదా."

ఆ గొంతు విని అతను చెయ్యి తీసేశాడు.

ఎండీ సీతారామాంజనేయులు గది చల్లగా ఉంది. ఆయన అద్దంలోంచి కిందికి చూస్తూ ఫోనులో మాట్లాడుతున్నాడు. సోఫాలో గోవిందప్ప మాస్టారు కాఫీ కప్పు పట్టుకుని కూర్చున్నారు. కరుణను చూసి నవ్వబోయారు. ఆమె వెనకే లోపలికి వచ్చి తలుపు దగ్గర నిలబడిన మనిషిని చూసి ఆ నవ్వు ఆగిపోయింది.

కరుణ పళ్ళాలు తీసి ఎండీ బల్ల మీద వరసగా పెట్టింది.

"ఏంటమ్మా ఇవి?"

"మన పొడండి. ఇది రైతు దగ్గరిది. ఇవి మన గోడౌన్లోవి. ఒక్కదాంట్లోనూ ప్రాణం లేదు."

"మళ్ళీ ఒకసారి చూడు. ఏదో పొరపాటు జరిగుంటుంది."

"చూశానండి. ఇంకో పద్ధతిలో కూడా చూశాను. మామిడికి పంపబోతున్న పెట్టెలన్నిటిలో ఇదే ఉంది. అవి వెళ్ళకూడదు." ఆమె ఊపిరి తీసుకుంది. "కాకతొట్టి పైపులు పీకేసి బయట ఎవరు పడేయించారండి?"

సీతారామాంజనేయులు కుర్చీలో వెనక్కి వాలాడు. "నేను కామర్స్ చదువుకున్నవాణ్ణమ్మా. ఏ పైపు తీయాలో, ఏది ఉంచాలో నాకేం తెలుసు? తెలిసినవాళ్ళు చెబితే చేయిస్తాను."

గదిలో తెలిసినవారు ఆమె కాక ఇంకొక్కరే ఉన్నారు. కరుణ అటు తిరగడానికి కాస్త సమయం పట్టింది.

మాస్టారు కప్పు కింద పెట్టారు. "నేనే తీయించినాను కరుణా."

"మీరా?"

"ఆ తొట్టి దగ్గర పని నిదానం. కాక ఏమాత్రం ఎక్కువైనా తొట్టెడు ఈస్టూ పోతుంది. రెండుసార్లు అట్లే పోయింది కూడా. మామిడి సీజనుకు సరుకు అందకపోతే కంపెనీయే ఉండదని వీళ్ళన్నారు. చల్లగా పెట్టుకుంటే, కాక చూపించకపోయినా కొన్నాళ్ళు బతుకుతుందిలే అనుకున్నాను. నా ల్యాబులో బతికింది."

"మీ ల్యాబులో ఏసీ ఉంది మాస్టారూ."

"అందుకే ఫ్రిజ్జులో పెట్టాలని ప్యాకెట్ మీద వేయమని చెప్పినాను."

"తోటల్లో ఫ్రిజ్జులెక్కడివండీ," అన్నాడు సీతారామాంజనేయులు, వానలు సరిగ్గా పడటం లేదన్నంత మామూలుగా. "ఆ మాట వేస్తే ఒక్క ప్యాకెట్టూ కదలదు. తీసేశాం."

అద్దం అవతల మళ్ళీ బండ పేలింది. కాఫీ కప్పు సాసర్లో చిన్నగా మోగింది.

"అంటే మీ ఇద్దరికీ తెలుసు," అంది కరుణ. "ఎండకు చస్తుందని తెలిసి ఎండాకాలంలో అమ్మారు. చచ్చిందని తెలిశాక, వేడినీళ్ళలో కలిపావని రైతు మీదకు తోశారు. మాస్టారూ, కణాన్ని బెదిరిస్తే అది ఓర్చుకోవడం నేర్చుకుంటుందని నేను చూపించిన రోజు మీరు నన్ను ల్యాబులో అందరి ముందు నిలబెట్టి మెచ్చుకున్నారు. ఆ ఒక్క మెట్టే కదా ఈ పొడికి ప్రాణం. దాన్నే తీసేయించి, నాకు మాటమాత్రం చెప్పకుండా..."

"చెబితే నువ్వు ఒప్పుకోవని తెలుసు," అన్నారు మాస్టారు. "నా బతుకంతా గాజు పళ్ళాల్లోనే గడిచిపోయింది కరుణా. పళ్ళెంలో గెలిచినవేవీ బయటికి రాలేదు. ఒక్కటైనా నేనుండగా బయటికి వస్తే చాలనుకున్నాను."

"వచ్చింది. బత్తాయి లారీలో వచ్చింది. వెళ్ళి వాసన చూడండి."

మాస్టారు తల దించుకున్నారు. ఆయన మీద ఆమె ఎప్పుడూ గొంతెత్తలేదు. ఇప్పుడెత్తినందుకు ఆమెకు కష్టంగా లేదు. కష్టంగా లేకపోవడమే ఆమెను భయపెట్టింది.

"అమ్మా," అని సీతారామాంజనేయులు ఈరమ్మ వైపు తిరిగాడు. గొంతులోకి తేనె వచ్చింది. "మీకేం నష్టం రానివ్వడం లేదు కదా. ఇద్దరికీ పని ఇస్తున్నాం. పట్నంలో నీడ ఇస్తున్నాం. నాలుగు మాటలు చెప్పి దిగిపోవడమే."

అంతసేపూ ఆమెను కూర్చోమని ఎవరూ అనలేదు. ఈరమ్మ రెండడుగులు ముందుకు వచ్చింది.

"సారూ, మందు సచ్చిందని మీకు ముందుగాల్నే ఎరుక. ఎరుకుండి మా ఆయనకు అంగీ తొడిగిచ్చిండ్రు. మా తోటకు మేమే కావలుంటిమి. ఇగ మీ అబద్ధానికి గూడ మేమే కావలుండాల్నా?"

ఆయన గడియారం చూసుకున్నాడు.

"మీటింగులో నిజం చెప్పండి," అంది కరుణ. "పొడిలో లోపం ఉంది, ఎవరూ వాడొద్దని చెప్పండి. మామిడి పెట్టెలు ఆపండి. తొట్టి మళ్ళీ బిగిద్దాం. వచ్చే సీజనుకు మంచిది ఇద్దాం. అడిగేది అంతే."

సీతారామాంజనేయులు ఎవరూ అనుకోనట్టుగా మెత్తబడ్డాడు. "సరే. కిందికి పదండి. రైతుకు మాట రానివ్వను. నా మాట నమ్ము."

లిఫ్టులో దిగుతున్నప్పుడు ఈరమ్మ అడిగింది, "గాయన మాట నమ్మొచ్చా?"

"తెలియడం లేదండి," అంది కరుణ.

హాలు నిండా జనం. వెనక వరసల్లో రైతులు, ముందు బ్యాంకు మనుషులు, అధికారులు. మొదటి వరస చివర చంద్రయ్య కూర్చున్నాడు. కొత్త అంగీకి అట్టపెట్టె మడతలు ఇంకా పోలేదు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, చెప్పాల్సిన మాటలు పెదాలతో వల్లె వేసుకుంటున్నాడు.

ఈరమ్మ పక్కన కూర్చుని చెవిలో చెప్పింది. అతను నమ్మలేదు. కరుణ అతని ముందు కింద కూర్చుంది.

"చంద్రయ్య గారూ, నేను చూశాను. ఈరమ్మ గారు కూడా చూశారు. మీరు కలిపిన తీరులో ఏ తప్పూ లేదు. పొడే చచ్చిపోయి ఉంది."

"నీళ్లు?"

"నీళ్ళు బాగానే ఉన్నాయి."

"వేడి లేకుండెనా?"

"ఉన్నా ఒకటే. అందులో చావడానికి ఇంకేమీ మిగిలి లేదు."

చంద్రయ్య తొందరేమీ లేకుండా అంగీ గుండీలు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు. బ్యాంకు మనిషి ఒకాయన పక్కకు జరిగాడు. ఈరమ్మ ఆపలేదు. చంద్రయ్య అంగీ తీసి, మడతలు ఎలా ఉన్నాయో అలాగే మడిచి, లేచి వెళ్ళి వేదిక అంచున పెట్టి, చిరుగుల బనీనుతో వచ్చి మళ్ళీ తన కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"ఇగ పిలువనీ," అన్నాడు. "మాట్లాడ్త. వాళ్లు నేర్పింది కాదు, నాదే మాట్లాడ్త."

కానీ అతన్ని పిలవలేదు. సీతారామాంజనేయులే మైకు అందుకున్నాడు.

"రైతు సోదరులారా, చంద్రయ్య గారి పంట విషయంలో మేము లోతుగా విచారించాం. ఆయన తప్పు ఇసుమంత కూడా లేదు. అందరి ముందూ క్షమాపణ చెప్పుకుంటున్నాను."

హాల్లో చప్పట్లు మోగాయి. వెనక ఎవరో చంద్రయ్య పేరు పెట్టి అరిచారు. ఈరమ్మ కరుణ చెయ్యి గట్టిగా పట్టుకుంది. కరుణకు కళ్ళు చెమర్చాయి. మాట నిలబెట్టుకున్నాడే అనుకుంది.

"తప్పు మా ఇంట్లోనే జరిగింది," అని కొనసాగించాడు ఆయన. "పొడి తయారీలో ఒక ముఖ్యమైన మెట్టును మా శాస్త్రవేత్త ఒకరు బాధ్యత లేకుండా వదిలేశారు. పై వాళ్ళకు చెప్పను కూడా చెప్పలేదు. ఆమె పేరు కరుణ. ఇదిగో, ఇక్కడే కూర్చున్నారు. ఈ నిమిషం నుంచి ఆమెకూ మా సంస్థకూ సంబంధం లేదు. ఇప్పుడు మామిడి రైతులకు వెళ్తున్న పెట్టెల్లో ఉన్నది సరికొత్త పొడి. నిశ్చింతగా వాడుకోండి."

చప్పట్లు ఆగిపోయాయి. తలలన్నీ ఇటు తిరిగాయి. గోడౌన్లో ఆమె పొడి తీసి చూసిన పెట్టెలే అవి. అదే నీలిరంగు చావు. కరుణ లేచి నిలబడింది.

"అబద్ధం," అంది ఈరమ్మ. అరవలేదు. అయినా ముందు వరసలన్నిటికీ వినబడింది.

"నా మాట నమ్మక్కర్లేదమ్మా," అన్నాడు సీతారామాంజనేయులు చిరునవ్వుతో. "ఆమెకు చదువు చెప్పిన గురువుగారే ఇక్కడున్నారు. వారే సాక్ష్యం చెబుతారు. గోవిందప్ప గారూ, రండి."

మాస్టారు లేచారు. వేదిక మెట్లు ఎక్కడానికి చాలాసేపు పట్టింది. మైకు ముందు నిలబడి, అంచున మడిచి పెట్టిన కొత్త అంగీని చూశారు. బనీనుతో కూర్చున్న చంద్రయ్యను చూశారు. కరుణను మాత్రం చూడలేదు.

"కరుణ నా విద్యార్థి," అన్నారు. "ఆ తొట్టిని ఎవరు తీయించినారో నాకు తెలుసు. పొడి చచ్చిందని నాకు ఎప్పుడు తెలిసిందో, ఎవరికి చెప్పినానో కూడా..."

సీతారామాంజనేయులు చిరునవ్వు చెరగకుండానే మైకు వైపు చెయ్యి చాచాడు. మాస్టారు ఆ చేతిని చూశారు. మైకును రెండు చేతులతో పట్టుకున్నారు. అప్పుడు మొదటిసారిగా తల తిప్పి, నేరుగా కరుణ కళ్ళలోకి చూశారు.